కొల్లేరు అడుగున ఏం పోతోంది?

కొల్లేరు మీద వాదనంతా అడుగుల్లోనే నడుస్తుంది. ఐదో కాంటూరా, మూడో కాంటూరా? 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, దాని కిందికి తెచ్చారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో ఆ గీతను మూడు అడుగులకు దించమని శాసనసభ తీర్మానం చేసింది. దించితే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. కోర్టులు, సర్వేయర్లు, నాయకులు, లంక గ్రామాల వాళ్లు, పక్షి ప్రేమికులు అందరూ ఈ వ్యవహారంలో తలో మాటా అన్నారు. ఆ రెండు గీతల నడుమ ఏ మొక్కలు పెరుగుతాయి, అవి పోతే ఏమవుతుంది అన్న మాట మాత్రం ఎక్కడా గట్టిగా వినపడలేదు.

నేను నీటిమొక్కల మీద పనిచేసేవాణ్ణి. ఎం.ఎస్సీ., పిహెచ్.డి. విద్యార్థుల చేత ఈ పని చేయించడం నా ఉద్యోగం. గొంతు పెంచి మాట్లాడే అలవాటు మా వృత్తిలో తక్కువ. అంకె దొరికితే రాస్తాం, లేకపోతే ఊరుకుంటాం. అయినా ఇప్పుడు ఈ నాలుగు మాటలూ రాయాల్సి వస్తోంది. సరస్సు పాడవడం గుర్రపుడెక్కతో మొదలు కాదు. దానికి ముందే నీటి అడుగున పెరిగే మొక్కలు పోతాయి, ఎవరూ చూడకుండా పోతాయి. అవి పోయాక ఆ సరస్సు తనంతట తాను కోలుకోదు. వాటిని లెక్కపెట్టే మనుషులు కూడా ఇప్పుడు తగ్గిపోతున్నారు.

కొల్లేటి నీళ్లు చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండవు. ఇంత తక్కువ లోతున్న సరస్సుకు ప్రాణం అడుగున ఉంటుంది. ఎండ అడుగుదాకా దిగితే పునాచు, హైడ్రిల్లా, నాజాస్, సెరటోఫిల్లం, సన్నటి తిత్తులతో పురుగుల్ని పట్టి తినే యుట్రిక్యులేరియా లాంటివి పెరుగుతాయి. ఊళ్లో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, నాచు. వలకు చుట్టుకుంటే విసుక్కుని గట్టు మీద పారేసే సరుకు. అందంగా ఉండవు, అమ్ముడుపోవు, పాటల్లోకి ఎక్కవు. తామరకూ కలువకూ దక్కిన గౌరవంలో వెయ్యో వంతు కూడా వీటికి దక్కలేదు.

కానీ నీళ్లను తేటగా ఉంచేది ఇవే. వీటిలో వేళ్లున్నవి అడుగు మట్టిని పట్టి ఉంచుతాయి, కాండాలు అలల ఊపును చంపుతాయి. నీళ్లలోని నత్రజని, భాస్వరం ఇవి తీసుకుంటాయి కాబట్టి పచ్చటి శైవలాలకు ఆ మేరకు తిండి తగ్గుతుంది. ఆ శైవలాలను మేసే డాఫ్నియా లాంటి చిన్న జీవులు పగటిపూట చేపల కంటపడకుండా ఈ గుబుర్లలోనే దాక్కుంటాయి. చేపలు గుడ్లు అంటించుకునేది ఈ ఆకులకే, నామకోళ్లు మునిగి పీక్కు తినేది ఈ కాండాలనే. మొక్కలుంటే నీళ్లు తేటగా ఉంటాయి, నీళ్లు తేటగా ఉంటేనే మొక్కలుంటాయి.

ఈ చక్రం వెనక్కి కూడా అంతే గట్టిగా తిరుగుతుంది. ఎరువు ఎక్కువైతే శైవలాలు పెరిగి నీళ్లు చిక్కబడతాయి. ఎండ అందక అడుగు మొక్కలు చస్తాయి. వేళ్లు వదిలిన మట్టి గాలికి, చేపల తవ్వకానికి లేస్తుంది. నీళ్లు ఇంకా మురికవుతాయి, కొత్త మొలక లేవదు. డచ్చి శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు 1993లో దీన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. లోతు తక్కువ సరస్సుకు రెండు స్థిరమైన స్థితులుంటాయి, తేట స్థితి ఒకటి, మురికి స్థితి ఒకటి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నెమ్మదిగా జారదు, ఒక హద్దు దాటాక ఒక్కసారిగా ఒరిగిపోతుంది. వెనక్కి తేవాలంటే ఎరువును ఆ హద్దు దగ్గరికి తగ్గిస్తే చాలదు, దానికన్నా చాలా కిందికి దించాలి. 2003లో అదే బృందం మూడో సంగతి చేర్చింది. నీటి మీద తేలే మొక్కలు చాప పరిచినట్టు కమ్ముకుంటే అదీ ఒక స్థిర స్థితే, దాని కింద మునిగి పెరిగే మొక్కకు చోటే ఉండదు. ఈ సిద్ధాంతం పుట్టింది చలిదేశపు సరస్సుల్లో. మన ఎండలకూ మన వానలకూ అచ్చంగా అలాగే వర్తిస్తుందని నేను అనను. మన సరస్సుల్లో మన విద్యార్థులు దాన్ని ఏళ్ల తరబడి పరీక్షించాలి. అయితే దాని జోస్యానికి విరుద్ధంగా కొల్లేట్లో జరిగింది ఒక్కటీ నా కంటపడలేదు.

2001 ఫిబ్రవరి 9న మన ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహం తీసిన చిత్రాన్ని పరిశోధకులు విడమరిచి చూశారు. వాళ్లు లెక్కలోకి తీసుకున్న 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులు. 1,050 చెరువులు, ఎండిపోయినవి మరో 38, అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. వ్యవసాయం 8.5 శాతం. పత్రికలు ఈ అంకెలను పదే పదే రాశాయి. అదే విశ్లేషణలో ఉన్న ఇంకో వాక్యం మీద నా చూపు ఆగిపోయింది. ఆ చిత్రంలో తేటనీరు ఎక్కడా కనిపించలేదు. మిగిలిన చోటంతా కలుపే, గుర్రపుడెక్క, ఏనుగు గడ్డి. ఫిబ్రవరి అంటే వానలు వెనకపట్టి, వరద మట్టి పేరుకుని, అడుగు మొక్కలు దట్టంగా ఉండాల్సిన కాలం. ఆ నెలలో తేటనీరు లేదంటే ఆ మొక్కలకు నిలవనీడ లేదన్నమాట.

ఇది ఉపగ్రహం చెప్పిన సంగతి. దోనెలో కూర్చున్న విద్యార్థికి ఇదే సంగతి ఇంకోలా తెలుస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడానికి మేం ఇప్పటికీ వింక్లర్ పద్ధతి నేర్పుతాం. 1888 నాటిది. చేపల రైతులు దీన్నే డీవో అంటారు, వాళ్ల చేతిలో ఇప్పుడు మీటర్లున్నాయి. మీటరు అంకె మాత్రమే చూపిస్తుంది, సీసా రంగు చూపిస్తుంది. గాలి బుడగ లేకుండా సీసా నిండా నీళ్లు పట్టాలి. గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి మాంగనీస్ సల్ఫేటు, తర్వాత క్షార అయోడైడు వేసి, మూత బిగించి తలకిందులు చేసి కలపాలి. లోపల మేఘంలాంటి మడ్డి దిగుతుంది. తేటగా, నాచు ఉన్న చోట మిట్టమధ్యాహ్నం పట్టిన సీసాలో ఆ మడ్డి ముదురు గోధుమరంగు. దోనెను నాలుగు గడల దూరం నెట్టి, గుర్రపుడెక్క చాపను చేత్తో పక్కకు తోసి కిందనుంచి పట్టిన సీసాలో మడ్డి పాలలా తెల్లగా దిగుతుంది. తెలుపు అంటే ఆక్సిజన్ లేదని. ఆ తర్వాత ఆమ్లం పోసి హైపోతో టైట్రేషన్ చేయడం లాంఛనమే, జవాబు అక్కడే దోనెలోనే తెలిసిపోయింది. అలాంటి నీటిలో పైకి వచ్చి గాలి పీల్చగల కొర్రమీను, ఇంగిలాయి, మార్పు బతుకుతాయి. మిగిలిన చేపలు తప్పుకోవాలి, లేదా చావాలి.

గుర్రపుడెక్క గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అందరూ తిట్టేది దీన్నే. అమెజాన్ ప్రాంతపు మొక్క, పందొమ్మిదో శతాబ్దం చివర్లో పువ్వు అందానికి మురిసి బెంగాల్‌కు తెచ్చారు. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఆ లెక్కన చదరపు మీటరు ముక్క ఎకరం దాటడానికి 12 రెట్టింపులు చాలు, అంటే ఆరు నెలల లోపే. దాని గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి, కొన్ని 20 ఏళ్ల దాకా, మొలకెత్తే శక్తితో పడి ఉంటాయి. దాని వేళ్లనూ అంతరతామర వేళ్లనూ పట్టుకుని మాన్సోనియా దోమ పిల్లలు ఊపిరి పీలుస్తాయి. బోదకాలు వ్యాపింపజేసే దోమల్లో అదొకటి. ఇవన్నీ నిజమే. అయినా నా దృష్టిలో గుర్రపుడెక్క జ్వరం లాంటిది, జబ్బు వేరే. చేపల చెరువుల్లో వేసే కోడిపెంట, సూపర్ ఫాస్ఫేటు, తవుడు, చెక్క, పట్టుబడి తర్వాత బయటికి వదిలే చిక్కటి నీళ్లు, పొలాల యూరియా, పట్టణాల మురుగు, ఇదంతా 60కి పైగా కాలువలు, డ్రెయిన్ల గుండా కొల్లేట్లోకి దిగుతుంది. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎరువు అంతే ఉండగా పొక్లెయిన్ పెట్టి డెక్క తీయిస్తే ఖాళీ అయిన చోటుకు మళ్లీ డెక్కే వస్తుంది. ఎందుకంటే అక్కడికి రావాల్సిన పునాచుకు కావలసిన తేటనీరు లేదు. మందు కొట్టి చంపితే చచ్చిన డెక్క అంతా ఒకేసారి కుళ్లి, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది.

డెక్కను తినే నియోకెటినా ముక్కు పురుగుల్ని 1980లలో మన దేశంలోకి తెచ్చి బెంగళూరు ప్రాంతంలో వదిలారు, అక్కడి చెరువుల్లో మంచి ఫలితమే వచ్చింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులో ఇవే పురుగులు 1990ల చివర్లో డెక్కను బాగా తగ్గించాయి, కానీ ఎరువు ఆగకపోవడంతో కొన్నాళ్లకు అది మళ్లీ లేచింది. కాబట్టి నేను పురుగులకు వ్యతిరేకం కాదు. పురుగులతోనే పనైపోతుందనే ప్రకటనలకు వ్యతిరేకం.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఉపగ్రహ చిత్రాలతో ఇంటి దగ్గరే కూర్చుని పరిశోధన చేయడం ఇప్పుడు సులువైంది. పచ్చదనం సూచిక లెక్కకట్టి, పెరిగితే మంచిదని తేల్చే వ్యాసాలు నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి. అడవికి అది సరిపోవచ్చు. సరస్సు విషయంలో ఉపగ్రహానికి కనిపించే పచ్చదనం నూటికి తొంభై పాళ్లు డెక్క, అంతరతామర, జమ్ము, కిక్కిస. పునాచు నీటి కింద ఉంటుంది, మురికి నీటి కిందైతే అసలు కనిపించదు. దాంతో చావుకు దగ్గరపడిన సరస్సు పటంలో నిగనిగలాడుతుంది. నీటి తేటదనం కొలవడానికి 1865లో ఆంజెలో సెకీ వాడిన పద్ధతి ఇప్పటికీ ఇంతకంటే నిజం చెబుతుంది. ఇప్పుడైతే నలుపు తెలుపు పూసిన 20 సెంటీమీటర్ల బిళ్లను తాడు కట్టి దించి, కనుమరుగైన లోతు రాసుకోవడమే. మొక్కకు సరిపడా వెలుగు ఆ లోతుకు రెండు, రెండున్నర రెట్ల దాకా దిగుతుందని ఒక మోటు లెక్క. బిళ్ల 20 సెంటీమీటర్ల దగ్గరే మాయమైతే అర మీటరు కింద చీకటే. మీటరు లోతున్న చోట అడుగున గింజ మొలకెత్తినా వెలుగు దాకా రాలేదు. బిళ్లకయ్యే ఖర్చు వంద రూపాయలు కూడా ఉండదు. దోనెకు గడ వేసే మనిషి కూలే అంతకన్నా ఎక్కువ.

మళ్లీ ఆ రెండు కాంటూర్ల దగ్గరికి వస్తాను. మూడుకూ ఐదుకూ మధ్య ఉన్న నేల ఎండాకాలంలో ఎండి బీటలు వారుతుంది. చూసేవాళ్లకు అది బీడు, చెరువు తవ్వకుండా ఊరికే వదిలేసిన చోటు. వృక్షశాస్త్రం చదివినవాళ్లకు అది సరస్సు విత్తనాల గాదె. నమ్ము దుంప ఎండిన మట్టిలో కళ్లు మూసుకుని పడుకుని, తొలి వానకు ఆకు విప్పుతుంది. ఒకప్పుడు ఆ దుంపను తవ్వి ఉడకబెట్టుకుని తినేవాళ్లు. చికిలింత కూర గింజకాయలు, తుంగ జాతుల గింజలు, నాజాస్ విత్తనాలు ఆ పైపొరలోనే నిలవ ఉంటాయి. ఏటా తడవడం, ఎండడం వీటికి శిక్ష కాదు, జీవనక్రమం. చార్లెస్ డార్విన్ 1859 నాటి తన పుస్తకంలో ఒక చిన్న ప్రయోగం రాశాడు. ఒక చెరువు అంచున మూడు చెంచాల బురద, ఎండితే సుమారు 190 గ్రాములు తూగేది, తెచ్చి ఒక కప్పులో ఉంచి ఆరు నెలలు మొలకలు లెక్కపెట్టాడు. 537 వచ్చాయి. అంత పలచటి పొర అది. చెరువు తవ్వేటప్పుడు యంత్రం ముందుగా లేపి గట్టుగా పోసేది సరిగ్గా ఆ పొరనే. గట్టు పేలిస్తే చెరువు పోతుంది, కానీ నాలుగైదు అడుగుల కింద పూడిపోయిన గింజ పైకి రాదు. 2006 తర్వాత చెరువులు తీసేసిన చోట్లకు పాత మొక్కలు ఎందుకు తిరిగి రాలేదని అడిగేవాళ్లకు నేను చెప్పగల మొదటి కారణం ఇదే. పైగా వరదకు చెరువుల నుంచి తప్పించుకున్న గడ్డిచేప లేత హైడ్రిల్లాను మేసేస్తుంది, బంగారుతీగ అడుగు తవ్వి మట్టి లేపుతుంది. మొలిచిన ఒకటీ అరా కూడా దక్కదు.

అందుకే గీతను దించే ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా నాకు కనిపించేది 173 చదరపు కిలోమీటర్ల భూమి కాదు. మిగిలిన 135లో నీళ్లు ఎప్పటికైనా తేటపడితే అక్కడికి మొక్కలు ఎక్కడినుంచి రావాలి? లంక గ్రామాల వాళ్ల బతుకుతెరువు ప్రశ్న నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోవడం పట్నంలో కూర్చున్నవాళ్ల జబ్బు. కానీ పరిహారం వేరే రూపంలో ఇవ్వడానికి వీలుంది. విత్తనాల పొరను మళ్లీ పరవడానికి మార్గం ఎవరి దగ్గరా లేదు.

ఈ మార్పును పసిగట్టే పని ఎవరిది? నిజం చెప్పాలంటే మన దేశంలో చాలా సరస్సుల మొక్కల జాబితాలు తయారుచేసింది పరిశోధక విద్యార్థులే. పక్షులకు చూసేవాళ్లున్నారు. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనిపెట్టి రాశారు కాబట్టే, తర్వాత అది ఖాళీ అయినప్పుడు ఏం పోయిందో లోకానికి తెలిసింది. పునాచుకు అలాంటి సాక్షి కావాలంటే ఎం.ఎస్సీ. ప్రాజెక్టు, ఎం.ఫిల్., పిహెచ్.డి. తప్ప దారి లేదు. ఎం.ఫిల్.ను యు.జి.సి. 2022 నిబంధనలతో తీసేశారు. దాని నాణ్యత మీద నాకూ ఫిర్యాదులుండేవి, కానీ ఒక విద్యార్థి ఒక చెరువును ఏడాది పొడవునా, అన్ని రుతువుల్లోనూ చూడడానికి వీలిచ్చిన చదువు అదే. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు ఒక సెమిస్టరు. జనవరిలో మొదలై ఏప్రిల్‌కు బైండింగ్ అయిపోవాలి. ఆ విద్యార్థి వరద కొల్లేటిని ఎన్నడూ చూడడు. పిహెచ్.డి. గడువు గట్టిగా ఆరేళ్లు, అందులో క్షేత్రంలో గడిపేది రెండేళ్లు. సరస్సు ఒరిగిపోయే క్రమం పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. ఒకరు ఆపిన చోటే, అవే గుర్తుల దగ్గర, అదే పద్ధతిలో ఇంకొకరు మొదలుపెడితే తప్ప ఆ కథ దొరకదు. మనవాళ్లు ప్రతిసారీ కొత్త చోటు, కొత్త శీర్షిక వెతుక్కుంటారు, ఎందుకంటే పాత పనిని మళ్లీ చేయడం కొత్తదనం కాదని పరీక్షకులు మార్కులు తగ్గిస్తారు. ఈ అలవాటు వల్ల జరిగిన నష్టం నిధుల కొరత వల్ల జరిగినదానికన్నా ఎక్కువని నా అంచనా.

నమూనాలు భద్రపరచడమూ అంతే. అడుగు మొక్కను నీళ్లలోంచి తీస్తే తడిసిన దారపు ముద్దలా వాలిపోతుంది, ఆకు ఎక్కడో కాండం ఎక్కడో తెలియదు. వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, మొక్కను తేలనిచ్చి, కిందనుంచి దళసరి కాగితాన్ని దూర్చి, కుంచెతో కొమ్మలు విప్పుతూ కాగితాన్ని ఒక అంచు నుంచి మెల్లగా పైకి లేపాలి. నీళ్లు జారిపోయి మొక్క కాగితానికి అంటుకుంటుంది. పైన పాత పంచె గుడ్డ వేసి బరువు కింద పెట్టి, రోజూ కాగితాలు మార్చాలి. ఇలా చేసిన షీటు వందేళ్లు నిలుస్తుంది, రేపు ఎవరైనా పేరు తప్పని అన్నా సరిచూసుకోవచ్చు. షీటు లేకుండా పట్టికలో రాసిన పేరు వదంతితో సమానం. ఫోన్‌లో ఫొటో చాలదా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. నాజాస్ జాతుల్ని విడదీయాలంటే గింజ పెంకు మీది గళ్లను సూక్ష్మదర్శినిలో చూడాలి, ఫొటోలో అది ఎక్కడినుంచి వస్తుంది?

చేయగలిగింది చాలానే ఉంది, ఖర్చు తక్కువ. కొల్లేట్లో పదో పన్నెండో స్థిరమైన గుర్తులు పెట్టి, చుట్టుపక్కల కాలేజీల వృక్షశాస్త్ర విభాగాలు పంచుకుని, ఏటా వానలకు ముందొకసారి, అక్టోబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి సెకీ బిళ్ల లోతు, తెల్లవారుజామున ఆక్సిజన్, చదరపు మీటరులో మునిగి పెరిగే మొక్కల పేర్లు, బరువు నమోదు చేయాలి. పాత పని మళ్లీ చేసినవాళ్లకు మార్కులు తగ్గించకూడదు. పిహెచ్.డి. గ్రంథాలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి ఎక్కుతున్నాయి, ఎం.ఎస్సీ. ప్రాజెక్టులు విభాగాల బీరువాల్లో చెదలకు పోతున్నాయి. వాటి పట్టికలనైనా ఎవరో ఒకరు స్కాన్ చేసి ఒకచోట పెట్టాలి. అన్నిటికంటే తొందరగా కావలసింది బురద. మూడుకూ ఐదుకూ మధ్య ఇంకా యంత్రం తగలని చోట్ల నుంచి వేసవిలో పైపొర రెండంగుళాలు గీకి తెచ్చి, ట్రేలలో పరచి, కొన్నిటిని తడిగా, కొన్నిటిని జానెడు నీటిలో ఉంచి ఏం మొలుస్తుందో వారం వారం రాయాలి. ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపోతుంది. మొలిచిన జాబితాలో తుంగ, గుర్రపుడెక్క మాత్రమే ఉంటే ఆ చోట పని చేయి దాటిపోయినట్టు. పునాచు, నాజాస్, నమ్ము ఉంటే ఆ చోటును ముందుగా కాపాడాలి, డ్రెయిన్ల నీటిని ముందుగా అక్కడినుంచే మళ్లించాలి. ఏ చోటు ఏదో తెలియకుండా పూడిక తీత టెండర్లు పిలిస్తే, మిగిలిన గింజ కూడా ట్రాక్టర్లకెక్కి పోతుంది.